పడావు నేల, కౌజు పిట్ట

పిట్టలకు మేలు చేయాలని పదిమంది పూనుకుంటే మన దగ్గర మొదట జరిగేది గుంతలు తవ్వడం. 2015 జూలైలో హరితహారం మొదలైనప్పటి నుంచి బొగ్గు పట్టణాలైన మందమర్రి, రామకృష్ణాపూర్, బెల్లంపల్లిలో సేవ అంటే మొక్క నాటడమే అన్న అలవాటు బలపడింది. బడి పిల్లలకు మొక్క, గని కార్మికుడికి మొక్క, మంత్రి వచ్చిన రోజున ఇంకో మొక్క. నీడకు, గాలికి ఇది మంచిదే. కానీ కౌజు, పూరేడు, లావుక లాంటి నేల పిట్టల సంగతి వేరు. అవి చెట్ల కొరతతో తగ్గలేదు. గడ్డి, ముళ్ల పొద, పురుగు, పడావు పడ్డ చెలక, చెక్కని గట్టు కరువై తగ్గాయి. కాబట్టి వీటిని నిలబెట్టాలనుకునే స్వచ్ఛంద సేవకుల పని నాటడం కన్నా ఆపడంలో ఎక్కువ ఉంటుంది: గట్టు మీద మందు కొట్టకుండా, వేసవి మంట పాకకుండా, రేగు పొదను జేసీబీ ఎత్తిపోయకుండా, బీడు మీద గుంతలు తవ్వకుండా ఆపడం. ఫొటోకు పనికిరాని ఈ సేవే వీటికి అక్కరకొస్తుందని దేశవిదేశాల అనుభవం చెబుతోంది. మందమర్రి చుట్టుపక్కల నేల ఆ అనుభవాన్ని పరీక్షించడానికి సరిగ్గా సరిపోతుంది.

‘వేట పక్షులు’ అన్న వర్గం మనది కాదు, దొరలది. హ్యూమ్, మార్షల్ 1879-81 మధ్య భారత దేశపు వేట పక్షుల మీద మూడు సంపుటాలు వేశారు. తుపాకీకి దొరికేవి, వంటింట్లోకి వచ్చేవి అన్నీ అందులో ఒక గూటికి చేరాయి. మన ఊళ్లలో వీటికి లెక్క ఇంకా సూటిగా ఉండేది. కూరకు పనికొచ్చే పిట్టలు, పనికిరాని పిట్టలు, అంతే. కౌజును కొన్ని చోట్ల కముజు అంటారు. ఇప్పుడు హోటల్ బోర్డుల మీద కనిపించే ‘కౌజు పిట్ట’ మాత్రం ఇది కాదు, అది ఫారాల్లో పెంచే జపాన్ పూరేడు. చెలకల్లోని అసలు కౌజు బూడిద, గోధుమ రంగుల గీతలతో మట్టిలో కలిసిపోయే పిట్ట. తెల్లవారుజామున జంటగా కూస్తే గుట్ట ఆ పక్కకూ వినబడుతుంది. రాత్రి తక్కువ ఎత్తు ముళ్ల చెట్ల మీద నిద్రపోతుంది, గుడ్లు మాత్రం నేల మీదే పెడుతుంది. రేగు పొద మొదట్లోనో, గట్టు మీది గడ్డి దుబ్బు కిందో చిన్న గుంత చేసి, నాలుగు ఎండు పోచలు పరిచి ఆరు నుంచి ఎనిమిది దాకా పెట్టి, పద్దెనిమిది పంతొమ్మిది రోజులు పొదుగుతుంది. పిల్లలు పుట్టిన రోజే తల్లి వెంట నడుస్తాయి. తల్లి మట్టిని గీరుతుంది, చెదలు బయటపడతాయి, పిల్లలు ముక్కుతో ఏరుకుంటాయి. పెద్ద కౌజు గింజలతో గడిపేయగలదు. పిల్లకు మాత్రం మొదటి రెండు మూడు వారాలు పురుగే పాలు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మొత్తం సమస్య చేతికందుతుంది.   

తగ్గుతున్నాయనడానికి ఆధారమేమిటి? సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. దక్కన్ పక్షుల మీద మనకున్న తొలి గట్టి పునాది అదే. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ వరసగా లెక్క పెట్టలేదు. ఇప్పటి పెద్ద లెక్క 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక. సుమారు 30 వేల మంది పక్షి ప్రేమికులు జీతం, భత్యం లేకుండా నమోదు చేసిన దాదాపు 3 కోట్ల పరిశీలనలే దాని ముడిసరుకు. అంటే ఈ దేశంలో పిట్టల కోసం జరిగిన అతి పెద్ద స్వచ్ఛంద సేవ పారతో కాదు, నోటు పుస్తకంతో జరిగింది. 942 జాతులను పరిశీలిస్తే దీర్ఘకాలపు ధోరణి తేల్చగలిగింది 338 జాతులకే. వాటిలో 60 శాతం తగ్గుముఖం పట్టాయి. గడ్డి మైదానాలు, పొదలు, పడావు భూముల మీద బతికే పక్షులు ఎక్కువగా దెబ్బతిన్నాయి. దసరా రోజు మనం వెతుక్కుంటూ పోయే పాలపిట్ట కూడా ఆరుబయటి నేలల పక్షే. అంతర్జాతీయ ముప్పు జాబితాలో దాని స్థానాన్ని మళ్లీ అంచనా వేయాలని ఆ నివేదిక సూచించింది. వేట పక్షుల గూటిలోని నెమలి మాత్రం ఎదురుదిక్కుగా పెరుగుతోంది. అన్నిటికీ ఒకే మందు పనిచేయదనడానికి ఇది చాలు.

ఊరివాళ్లకు ఈ నివేదికతో పనిలేని ఇంకో కొలమానం ఉంది. అది గునుగు. బతుకమ్మ పేర్చడానికి ఒకప్పుడు ఇంటి వెనక చేనుకు పోతే మోపులకొద్దీ దొరికేది. అది చేలో కలుపే, ఎవరూ విత్తింది కాదు. ఇప్పుడు పట్నాల్లో గునుగు కొనుక్కోవాల్సి వస్తోంది, పల్లెల్లోనూ దూరం పోవాల్సి వస్తోంది. గునుగు ఎందుకు పోయిందో కౌజూ అందుకే పోయింది. ఉత్తర తెలంగాణ మెట్ట నేలల్లో జొన్న, పెసర, నువ్వు, పడావు కలగలిసిన సాగు పోయి పత్తి పరుచుకుంది. కూలీలు దొరకక, దొరికినా రేటు గిట్టక కలుపుతీత స్థానంలోకి గడ్డిమందు వచ్చింది. చేనుతో ఆగితే కొంత నయం. గట్టు మీద కూడా కొట్టేసి, గట్టు ‘నీటుగా’ ఉంటేనే మంచి రైతు అన్న పేరొచ్చే దాకా వచ్చింది. కలుపు పోతే దానిమీది పురుగు పోతుంది, పురుగు పోతే పిల్ల చస్తుంది. ఈ గొలుసును లెక్కలతో చూపించింది ఇంగ్లండు. అక్కడి ససెక్స్ కొండ పొలాల్లో జీవశాస్త్రవేత్త డిక్ పాట్స్ 1968లో బూడిద కౌజు మీద సుదీర్ఘ అధ్యయనం మొదలుపెట్టాడు. కలుపు మందులు వ్యాపించిన 1950ల నుంచి ఆ దేశంలో పిల్లలు బతికే శాతం సగటున 45 నుంచి 30 లోపుకు పడిపోయింది. పెద్ద పిట్టల్ని ఎవరూ విషం పెట్టి చంపలేదు. పిల్లల నోటి దగ్గరి పురుగును తీసేశారు, అంతే. మందుగా చెప్పిందీ చిన్నదే. పొలం అంచున కొన్ని మీటర్ల పట్టీని మందు కొట్టకుండా వదలడం, మధ్యలో గడ్డి మొలిచే మట్టి కట్టలు వేయడం. వదిలిన చోట పిల్లలు ఎక్కువగా బతికాయి. ఇంగ్లండు కౌజు వేరు, మన కౌజు వేరు, వాతావరణమూ వేరే. కానీ నేల మీద పొదిగే పిట్ట పిల్లకు మాంసకృత్తులు కావాలన్న సూత్రానికి దేశం లేదు.

రెండో దెబ్బ నిప్పు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద నేల శుభ్రంగా ఉండాలని, తునికి కొత్త చిగురు బాగా వేయాలని ఎండాకాలం మొదట్లో నిప్పు పెట్టడం అడవి అంచు ఊళ్లలో పాత అలవాటు. ఆ మంట చెట్టును చంపదు, గడ్డి మళ్లీ మొలుస్తుంది కూడా. కానీ అది పాకే సమయం కౌజు గుడ్లు పెట్టడం మొదలుపెట్టే సమయం. తల్లి ఎగిరిపోతుంది, గుంతలోని గుడ్లు ఎక్కడికి పోతాయి? ఇక్కడ పదిమంది యువకులు చేయగలిగింది చాలా ఉంది. ఫిబ్రవరిలోనే ఒర్రె వెంట, గుట్ట పాదాన మంట దాటకుండా బాట చెక్కడం, ఇప్ప చెట్టు కింద నిప్పుకు బదులు చీపురుతో ఊడ్వడం, పాత చీరలు పరచడం. మూడో దెబ్బ ఉచ్చు. గుర్రపు వెంట్రుకల ఉచ్చులు పోయి నైలాన్ దారం వచ్చాక ఒక్కరు రాత్రికి రాత్రి గట్టు పొడవునా వేసి పోగలుగుతున్నారు. తడక కట్టి చిన్న సందు వదిలితే నడిచే పిట్ట ఆ సందులోకే వస్తుంది, పంజరంలోని దీమపు కౌజు కూస్తే ఆ చోటు తనదనుకున్న జోడీ దానిమీదికి వస్తుంది. కవ్వాల్ అడవుల్లో స్థానిక ఆదివాసీ యువకులతో హైదరాబాద్ టైగర్ కన్జర్వేషన్ సొసైటీ కొన్నేళ్లుగా పనిచేస్తోంది. పులి కోసం తిరిగే కాళ్లు ఉచ్చు కనబడితే తీసేయకుండా పోవు. కానీ పులి లేని చెలకల్లో ఎవరు తిరుగుతారు? గుడ్లనూ పిల్లలనూ తినే ఊరకుక్కల సంగతి వేరే చెప్పాలా.

మందమర్రి ప్రత్యేకత దాని నేల ఎవరిదన్న దాంట్లో ఉంది. 1920లో ఏర్పడ్డ సింగరేణి కాలరీస్ తవ్విన, తవ్వుతున్న, తవ్వబోయే భూమి ఈ చుట్టుపక్కల పెద్ద విస్తీర్ణం. భూగర్భ గనుల మీది నేల, ఓపెన్‌కాస్ట్ పక్కన మట్టి గుట్టలు, మూతపడ్డ గనుల ఆవరణలు. వీటిలో చాలాచోట్ల సాగు లేదు, మందు లేదు, మనుషుల రాకపోకలూ తక్కువ. పక్షి దృష్టితో చూస్తే అవి పడావు చెలకలకు చివరి వారసులు. కానీ కాగితాల్లో అవి ‘ఖాళీ’. ఖాళీ అంటే నింపాలి, నింపడమంటే నీలగిరి, సుబాబుల్ వరసలు. నీలగిరి తోటలో నడిస్తే కాలికి గడ్డి తగలదు. ఆకు రాలి ఎండిపోయిన నేల మీద చెదలు గీరే పిట్టకు దొరికేది తక్కువ. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. తవ్వకం ముగిశాక గని యజమానులు ఆ నేలలో మళ్లీ గడ్డి పెంచి, మేతకు, మొక్కలకు, జంతువులకు పనికొచ్చే స్థితికి తేవాలని. పర్యావరణ శాఖ దాన్ని అనుమతుల షరతుల్లో చేర్చింది. న్యాయస్థానం ‘చెట్లు’ అనలేదు, ‘గడ్డి’ అంది. హరితహారం ఫ్లెక్సీల మధ్య ఈ మాటను గట్టిగా పట్టుకున్నవాళ్లు అరుదు. బోదగడ్డి, రేగు, తంగేడు, పరిమి తిరిగొచ్చిన మట్టి గుట్ట కౌజుకు గుట్టే. నీలగిరి నిలబెట్టిన మట్టి గుట్ట దానికి గోడ. ఈ మధ్య సర్కారు తుమ్మ, లాంటానా, వయ్యారిభామ కమ్మేయడం ఇంకో చిక్కు. పొదే కదా అని వాటిని వదలకూడదు. కొంచెమైతే దాపు, కమ్మేస్తే గడ్డిని చంపేస్తాయి. స్వచ్ఛంద చేతులకు నిజంగా పారతో పని ఉన్నదిక్కడే, వేర్లతో పీకి పారేయడంలో.

ఇలాంటి పని ఫలించిందా అంటే, ఫలించిందీ ఉంది, లేనిదీ ఉంది. రెండూ అమెరికావే. అక్కడి అడవి టర్కీ కోడి 1973 నాటికి 13 లక్షలు. టర్కీల కోసమే ఏర్పడ్డ సంఘం సభ్యులు, రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు కలిసి పనిచేశాక అవి 60 లక్షలు దాటాయి. మొదట ఫారాల్లో పెంచిన పిల్లల్ని వదిలి చూశారు, దశాబ్దాలుగా విఫలమయ్యారు. కంచం చూసి పెరిగిన కోడికి గద్ద తెలియదు. బతికిన అడవి కోళ్లనే వలలతో పట్టి కొత్త చోట్లకు తీసుకెళ్లాకే నిలదొక్కుకున్నాయి. బాబ్‌వైట్ అనే పూరేడు కథ దీనికి విరుద్ధం. 1966 నుంచి సుమారు 80 శాతం తగ్గింది. దాని కోసం సంఘాలు, నిధులు, వేలమంది సభ్యులు ఉన్నా మొత్తం మీద జారుడు ఆగలేదు. టర్కీకి అడవి తిరిగొచ్చింది, అడవిని కాపాడితే చాలింది. పూరేడుకు కావలసింది పొలం అంచు. ఒక్కో రైతు ఒక్కో ఏడాది తీసుకునే నిర్ణయాల మధ్య అది నలిగిపోయింది. మన కౌజు పూరేడు వైపు నిలబడుతుంది, టర్కీ వైపు కాదు. ఒక పార్కును బాగుచేసి మూలన నాలుగు గూళ్లు పెట్టడం దీనికి సేవ కాదు. ఊరి పొలిమేర మొత్తాన్ని ఒకే యూనిట్‌గా చూడాలి. ఒక్కటి మాత్రం మనకు అనుకూలం. కౌజు వలస పోదు, ఎగిరినా కొద్ది దూరమే. చిన్న చిన్న ముక్కలు గట్ల ద్వారా కలిస్తే చాలు. ఫారం పిట్టల్ని వదిలే ఆలోచన ఎవరికైనా ఉంటే, ముఖ్యంగా జపాన్ పూరేళ్లను వదిలి పుణ్యం కట్టుకుందామనుకుంటే, అది ఊరకుక్కలకు విందు చేయడమే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. అమెరికాలో ఈ పనికి డబ్బు వేటగాళ్లు ఇచ్చారు. 1937 నుంచి తుపాకులు, తూటాల మీద పన్ను వన్యప్రాణుల సంరక్షణకు పోతుంది. వేటాడాలన్న కోరికే వాళ్లను గడ్డి పెంచేలా చేసింది. మన దగ్గర 1972 చట్టం వేటను కట్టడి చేసింది, 1991 సవరణ లైసెన్సుల తలుపూ మూసింది. తినలేని పిట్టను ఎవరు పెంచుతారు? ఈ వాదనలో నిజం ఉంది. హక్కు లేని చోట శ్రద్ధ పుట్టదు. పిట్టలు పట్టి బతికిన కులాలకు చట్టం వచ్చాక మిగిలింది కేసులే, ప్రత్యామ్నాయం కాదు. చెక్క తుపాకీతో గొప్పలు చెప్పే పిట్టల దొరను నవ్వుతూ చూసే సమాజం ఆ తుపాకీ వెనక ఉన్న అసలు పిట్టలోళ్ల బతుకును పట్టించుకోలేదు. ఏ పొదలో ఏ పిట్ట ఏ నెలలో పొదుగుతుందో వాళ్లకన్నా తెలిసినవాళ్లెవరు? 1986లో కడప జిల్లాలో కలివి కోడి ఎనభై ఏళ్లు దాటాక తిరిగి దొరికింది కూడా స్థానిక పిట్టలు పట్టేవారి జ్ఞానంతోనే. లెక్కలకు, కాపలాకు కూలి ఇచ్చి వాళ్లను పెట్టుకోవడం దయ కాదు, ఆ పని తెలిసినవాళ్లను పెట్టుకోవడం. కానీ వేట లేకపోతే పని జరగదన్న ముగింపు మాత్రం నిలవదు. నాగాలాండ్‌లో ఖొనోమా ఊరి వేటగాళ్లు 1993లో ఒక్క వేటలో మూడు వందల దాకా ట్రాగోపాన్ కోళ్లను చంపారు. అదే ఊరు 1998లో తన కొండల్లో 20 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం ప్రకటించుకుని వేట మానేసింది. అక్కడ తుపాకీ పన్ను లేదు. ఆ కొండ తమదన్న హక్కు ఉంది, పోయిందేమిటో కళ్లారా చూసిన సిగ్గు ఉంది.

హక్కు ప్రశ్న మందమర్రిలో చిక్కుముడి. ఆదివాసీ ప్రాంతాల్లో భూమి బదిలీని కట్టడి చేసే 1/70 చట్టం వివాదంతో దశాబ్దాల పాటు మున్సిపల్ ఎన్నికలే జరగని పట్టణం ఇది. సింగరేణి నేల కంపెనీది, గాంధారి ఖిల్లా చుట్టుపక్కల గుట్టలు అటవీ శాఖవి, చెలకలు పట్టాదారులవి. సేవకుడికి ఎక్కడా హక్కు లేదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక కమిటీలు, 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరి అడవిని కాపాడుకునే గ్రామసభ అధికారం ఉన్నాయి. నాయకపోళ్లు ఏటా గాంధారి మైసమ్మ జాతర చేసుకునే బొక్కలగుట్ట లాంటి చోట ఆ అధికారాన్ని వాడుకుంటే గుట్ట పాదాన మంటను ఆపమనే మాటకు బలం వస్తుంది. హక్కు లేకపోయినా సాక్ష్యం పనికొస్తుందని 2025 వసంతంలో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి చూపింది. ఆ 400 ఎకరాల పొదల నేలలో ఏముందో విద్యార్థులు చూపించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ నేలను చదును చేసే పనులు ఆపింది. ‘కంచ’ అంటే ఉత్త నేల కాదని హైదరాబాద్‌కు అప్పుడు తెలిసింది, పశువులు కాసేవాళ్లకు ఎప్పుడూ తెలుసు.

రైతు అభ్యంతరం ఇంతకన్నా దగ్గరిది. పొద పెరిగితే అడవి పంది వస్తుంది, పాము వస్తుంది, ఇప్పటికే నెమళ్లతో వేగలేకపోతున్నాం అంటాడు. తోసిపుచ్చకూడదు. అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో 614 హెక్టార్లలో అభయారణ్యం పెట్టారు. లోపల కంచె, మేత నిషేధం. కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల పంటల మీద పడ్డాయి, ఊళ్లు విసిగిపోయాయి, చుట్టూ సాగు మారింది. చివరికి జింకలు మిగిలాయి, బట్టమేక మిగల్లేదు. రైతును బయట పెట్టి గీసిన గీత ఏమవుతుందో ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. అందుకే కౌజు విషయంలో అడగాల్సింది పెద్ద పొద కాదు, మోకాలెత్తు గడ్డి. గట్టు మీది మీటరు వెడల్పు గడ్డిలో పంది దాగదు. లెక్క వేసి చూద్దాం. చదరంగా ఉన్న ఎకరం చేనుకు చుట్టూ గట్టు దాదాపు 254 మీటర్లు. మీటరు వెడల్పున వదిలితే రెండున్నర గుంటలు, పక్క రైతుతో సగం పంచుకుంటే గుంటా పావు. గట్టు ఎలాగూ ఉన్నదే కాబట్టి అసలు నష్టం అంతకన్నా తక్కువ. మొత్తం నష్టమే అనుకున్నా, ఎకరానికి 8 క్వింటాళ్ల పత్తి లెక్కన పోయేది 25 కిలోల లోపు, 2024-25 పొడుగు పింజ మద్దతు ధర 7,521 రూపాయల ప్రకారం 1,900 రూపాయలకు మించదు. మిగిలే గడ్డిమందు ఖర్చు, దొరికే పశువుల మేత దీనిలోంచి తీసివేయాలి. ఈ మాత్రం డబ్బు కంపెనీల సామాజిక బాధ్యత నిధులకు మొక్కల గుంతల ఖర్చు కన్నా భారం కాదు. కౌజు చెదపురుగును తింటుందన్నది రైతుకు అదనపు లాభమే గానీ, దాన్ని పెంచి చెప్పి ఆశ పెట్టడం మంచిది కాదు.

పని ఫలించిందో లేదో తెలియాలంటే లెక్క కావాలి, లెక్కకు చవకైన సాధనం చెవి. ఇంగ్లండులో రైతులు, పొలం కాపరులు 1933 నుంచి తమ కౌజుల్ని తామే లెక్కపెడుతున్నారు. ఇక్కడ జాతీయ హరిత దళం పిల్లలకు, ఎన్ఎస్ఎస్ విద్యార్థులకు అది ఇంకా సులువు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రతి ఏడాదీ అవే తేదీల్లో, అదే పది చోట్ల, పొద్దు పొడవకముందు అరగంట నిలబడి ఎన్ని దిక్కుల నుంచి కూత వచ్చిందో రాసుకోవడం. సగం చోట్లు మందు ఆపిన గట్ల దగ్గర, సగం ఆపని గట్ల దగ్గర ఉండాలి. లేకపోతే వాన బాగా పడ్డ ఏడాది పెరిగితే మన గొప్పే అనుకుంటాం. జూలై, ఆగస్టుల్లో మళ్లీ తిరిగి తల్లి వెంట ఎన్ని పిల్లలున్నాయో చూడగలిగితే ఇంకా మేలు, కూత పెద్ద పిట్టల సంగతే చెబుతుంది. మొదటి ఏడాది అంకెకు విలువ ఉండదు, రెండో ఏడాది అంకెతో తొందరపడి పత్రికలకు ఎక్కకూడదు. మూడో ఏడాదికి రెండు వరసలూ విడిపోవడం మొదలైతే అప్పుడు ఆ పుస్తకం పట్టుకుని సింగరేణి జనరల్ మేనేజర్ ఆఫీసుకు పోవచ్చు, నీలగిరి మొక్కల తర్వాతి లోడు బయల్దేరకముందే.